ఫైలు నాస్‌లో, డిస్కు చేతిలో: నెట్‌వర్క్ నుంచి ఐఎస్ఓ రాయడంలో తిరకాసు ఎక్కడుంది?

ఒక ఫొటో స్టూడియో అనుకుందాం. పెళ్లి వీడియో సిద్ధమైంది. లోపలి గదిలోని ఎడిటింగ్ కంప్యూటర్ దాన్ని డీవీడీ ఇమేజిగా, అంటే డిస్కు మొత్తానికి నకలైన ఐఎస్ఓ ఫైలుగా మార్చి నాస్ పెట్టెలో భద్రపరిచింది. నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించిన హార్డ్‌డిస్కుల పెట్టె. అందులోని ఫోల్డర్లు స్టూడియోలోని అన్ని కంప్యూటర్లకూ కనిపిస్తాయి. కౌంటర్ దగ్గరి కుర్రాడు ఆ ఫోల్డరు తెరిచి, ఫైలును పట్టుకుని ఖాళీ డిస్కు మీదికి లాగి వదిలాడు. రాత పూర్తయింది, డిస్కు బయటికి వచ్చింది. పెళ్లివారు ఇంటికి తీసుకెళ్లి ప్లేయర్‌లో పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. డిస్కులో పెళ్లి లేదు. 'పెళ్లి.ఐఎస్ఓ' అనే ఒకే ఒక ఫైలు ఉంది.

మర్నాడు సరైన సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడితే రాత మధ్యలో ఆగుతూ సాగుతూ నడిచింది. మూడోసారి ఆ సాఫ్ట్‌వేర్‌కు నాస్ ఫోల్డరే కనిపించలేదు. పక్క కిటికీలో మాత్రం అదే ఫోల్డరు నిక్షేపంగా తెరిచి ఉంది. కుర్రాడు మూడింటికీ కలిపి "నెట్‌వర్క్ బాగాలేదు" అని తేల్చేశాడు. ఆ మాట రెండోసారి జరిగినదానికి మాత్రమే వర్తిస్తుంది, అదీ సగమే.

ఈ కాలంలో డిస్కులేమిటి అనిపించవచ్చు. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసిన మాట నిజమే. అయినా పెళ్లి డీవీడీ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కోర్టులకు సీసీ కెమెరా దృశ్యాలు, కాల్ రికార్డులు సీడీల మీద వెళ్తూనే ఉన్నాయి. పైగా 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. కొత్త విండోస్‌కు మారిన చోట్ల, ఏళ్ల తరబడి నడిచిన షేర్డ్ ఫోల్డర్లు ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేశాయి. అందుకే ఈ పాత విషయాన్ని మళ్లీ విప్పి చూడాల్సి వస్తోంది.

## ఇమేజి అంటే ఏమిటి, మామూలు ఫైలుతో తేడా ఏమిటి

ఇల్లు మారేటప్పుడు సామాను మూటగట్టి తీసుకెళ్తాం. కొత్త ఇంట్లో ఏ వస్తువు ఏ గదిలోకి వెళ్లాలో మళ్లీ సర్దుకుంటాం. ఫైళ్లు కాపీ చేయడం అలాంటిది. డిస్కు ఇమేజిలో సామానుతో పాటు ఇల్లే ఉంటుంది: గోడలు, గదులు, ఏ అలమరాలో ఏముందో చెప్పే జాబితా అన్నీ. డిస్కు మీద డేటా పెట్టే చిన్న గడిని సెక్టారు అంటారు. మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఏ బైటు ఎక్కడ ఉండాలో అదే వరుసలో ఒక ఫైలులో ఉంటుంది.

ఈ వరుసను నిర్ణయించిన ప్రమాణం ఐఎస్ఓ 9660, 1988లో వచ్చింది. ఫైలు పేరు చివర ఉండే 'ఐఎస్ఓ' అక్కడిదే. డేటా డిస్కులో ఒక్కో సెక్టారు 2,048 బైట్లు. మొదటి 16 సెక్టార్లను వ్యవస్థ అవసరాలకు వదిలేస్తారు. డిస్కు గురించిన అసలు సమాచారం, సున్నా నుంచి లెక్కపెడితే, 16వ నంబరు సెక్టారులో మొదలవుతుంది. నమ్మకం లేకపోతే ఏదైనా ఐఎస్ఓ ఫైలును, బైట్లను నేరుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి 32,768 బైట్లు దాటి చూడండి. ఒక బైటు తర్వాత 'సీడీ001' అనే ఐదు అక్షరాలు ఇంగ్లీషులో కనిపిస్తాయి. డిస్కును గుర్తుపట్టే ప్రోగ్రాము మొదట వెతికేది ఆ ఐదు అక్షరాలనే.

కౌంటర్ కుర్రాడి మొదటి పొరపాటు ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. లాగి వదిలినప్పుడు విండోస్ ఒక కొత్త ఇల్లు కట్టి, అందులో పాత ఇంటిని సామానులా పెట్టింది. ఇమేజిని రాయడం అంటే ఆ బైట్లను ఉన్నవి ఉన్నట్టు సెక్టారు వెంట సెక్టారు డిస్కు మీదికి దించడం. విండోస్ 7 నుంచి ఈ పనికి వేరే ఉపకరణం విండోస్‌లోనే ఉంది. మాక్‌లో డిస్క్ యుటిలిటీ నుంచి ఈ సౌకర్యాన్ని 2015లో ఎల్ కాపిటాన్ వచ్చినప్పుడు తీసేసి ఫైండర్‌కు వదిలేశారు. ఈ పొరపాటుకూ నెట్‌వర్క్‌కూ సంబంధమే లేదు. ఫైలు అదే కంప్యూటర్‌లో ఉన్నా ఇదే జరిగేది.

ఇమేజి ఎప్పుడూ ఒకే ఫైలుగా ఉండాలనీ లేదు. పాటల సీడీల ఇమేజిలు సాధారణంగా 'బిన్', 'క్యూ' అనే జంటగా వస్తాయి. బైట్లన్నీ బిన్‌లో ఉంటాయి. క్యూ చిన్న టెక్స్ట్ ఫైలు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో, బిన్ ఫైలు పేరేమిటో అందులో రాసి ఉంటుంది. నెట్‌వర్క్‌లోకి రాగానే ఈ జంట విడిపోయే అవకాశాలు పెరుగుతాయి. క్యూలో బిన్ చిరునామా పాత కంప్యూటర్‌లోని పూర్తి దారితో ఉంటే, కొత్త చోట ఆ దారే ఉండదు. విండోస్ పేర్లలో పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా చూడదు, లినక్స్ చూస్తుంది. క్యూలో పేరు పెద్దక్షరాల్లో, లినక్స్ సర్వరులో చిన్నక్షరాల్లో ఉంటే, రెండూ ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉన్నా "ఫైలు దొరకలేదు" అనే జవాబు రావచ్చు.

## డిస్కు ఆగదు, నెట్‌వర్క్ ఆగుతుంది

రెండో తిరకాసు వేగానిది. అసలు ఇంజనీరింగ్ కథంతా ఇక్కడే ఉంది.

రాసుకునే డిస్కు మీద ఒకే ఒక సర్పిలాకారపు గాడి ఉంటుంది. లోపలి అంచు దగ్గర మొదలై చుట్లు తిరుగుతూ బయటికి వస్తుంది. లేజరు ఆ గాడి వెంట పోతూ రంగుపొరను మారుస్తూ రాస్తుంది. తొలితరం రైటర్లలో ఈ రాత మొదలైతే చివరిదాకా ఆగకూడదు. మధ్యలో డేటా అందకపోతే లేజరుకు రాయడానికి ఏమీ ఉండదు, డిస్కు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అక్కడితో ఆ డిస్కు పోయినట్టే. దీన్నే బఫర్ అండర్‌రన్ అంటారు. 1990లలో ఇలా పాడైన డిస్కులను అమెరికాలో టీకప్పు కింద పెట్టుకునే బిళ్లల పేరుతో పిలిచేవారు. మన దగ్గర పంటపొలాల్లో పిట్టలను బెదరగొట్టడానికి వేలాడదీసేవాళ్లు, కాబట్టి పూర్తిగా వృథా పోలేదు.

బఫరు అంటే డాబా మీది నీళ్ల ట్యాంకు. మున్సిపాలిటీ నీళ్లు వచ్చినప్పుడు వస్తాయి, కుళాయి మాత్రం ఎప్పుడు తిప్పినా పారాలి. రైటరు లోపల ఇలాంటి చిన్న ట్యాంకు ఒకటి ఉంటుంది. డీవీడీ రైటర్లలో చాలావాటికి అది 2 మెగాబైట్లు. ట్యాంకు ఎంతసేపు సరిపోతుందన్నది కుళాయి ఎంత తిప్పామన్న దాన్ని బట్టి ఉంటుంది. సీడీకి ఒక రెట్టు వేగమంటే సెకనుకు 150 కిలోబైట్లు. ఆ వేగంలో 2 మెగాబైట్లు 13 సెకన్లకు పైగా వస్తాయి. డీవీడీకి ఒక రెట్టు అంటే సెకనుకు 1.385 మెగాబైట్లు. 8 రెట్ల వేగంలో సెకనుకు 11.08 మెగాబైట్లు కావాలి. అదే ట్యాంకు సెకనులో ఐదో వంతుకు కూడా రాదు.

నెట్‌వర్క్ గురించి మాట్లాడేటప్పుడు "మాకు వంద ఎంబీపీఎస్ ఉంది" అంటాం. అది సగటు. రైటరుకు కావాల్సింది సగటు కాదు, ఏ క్షణంలోనూ తెగని ధార. వైఫైలో పక్కింటి రూటరు అదే చానెల్‌లో మాట్లాడుతుంటే మన డేటా దాని వంతు కోసం ఆగుతుంది. నాస్ పెట్టెలోని హార్డ్‌డిస్కు వాడకం లేనప్పుడు నిద్రలోకి వెళ్లేలా అమర్చి ఉంటే, లేచి తిరగడం మొదలుపెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఇంకెవరో అదే నాస్‌లోకి వేల ఫొటోలు ఎక్కిస్తుంటే డిస్కు ముల్లు రెండు పనుల మధ్య ఊగిసలాడుతుంది. గంట మొత్తం మీద సగటు తీస్తే ఇవేవీ కనిపించవు. ఐదో వంతు సెకను ట్యాంకుకు మాత్రం ఇవన్నీ కరువు కాలాలే.

దీనికి 2000లో ఒక మందు వచ్చింది. సాన్యో కంపెనీ 'బర్న్‌ప్రూఫ్' పేరుతో ఒక పద్ధతి తెచ్చింది. ట్యాంకు ఖాళీ అవుతోందని తెలియగానే రైటరు రాత ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తుంచుకుంటుంది. డేటా మళ్లీ చేరాక ఆ చోటుకు తిరిగి వచ్చి అతుకు వేసి కొనసాగిస్తుంది. తర్వాత మిగతా కంపెనీలు తమ తమ పేర్లతో ఇలాంటివే తెచ్చాయి. ఇప్పుడు దొరికే రైటర్లన్నిటిలో ఏదో ఒక రూపంలో ఇది ఉంటుంది. ఇక రాసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ మెమరీలో ఇంకో పెద్ద ట్యాంకు కడుతుంది. లినక్స్‌లో చిరకాలంగా వాడుకలో ఉన్న సీడీరికార్డ్ ప్రోగ్రాములో ఆ ట్యాంకు ఎంత ఉండాలో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ఆప్షనే ఉంది. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ వాడినవాళ్లకు "బఫర్లు కోలుకునేదాకా ఆగుతున్నాను" అనే అర్థం వచ్చే సందేశం లాగ్‌లో వరుసగా కనిపించిన అనుభవం ఉండే ఉంటుంది. ఆ సందేశం అర్థం డిస్కు పాడైందని కాదు. మున్సిపాలిటీ నీళ్లు సన్నగా వస్తున్నాయని, అంతే.

## లెక్క వేసి చూద్దాం: 430 కోట్ల బైట్ల పెళ్లి

మన స్టూడియో ఇమేజికి ఒక కొలత ఇద్దాం: 21,00,005 సెక్టార్లు. ఒక్కోటి 2,048 బైట్లు కాబట్టి మొత్తం 430,08,10,240 బైట్లు, అంటే దాదాపు 4.3 జీబీ. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, తర్వాత రెండుసార్లు పనికొస్తుంది.

కౌంటర్ కంప్యూటర్‌కూ నాస్‌కూ మధ్య పాత 100 మెగాబిట్ల స్విచ్చి ఉందనుకుందాం. బిట్లను బైట్లుగా మారిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు, ఖర్చులు పోగా చేతికి దక్కేది 11 దాకా. డిస్కు, రైటరు 16 రెట్ల వేగానివి. పదహారు రెట్లంటే సెకనుకు 22 మెగాబైట్లు. పైపు పదకొండు, కుళాయి ఇరవై రెండు. మొదటి క్షణం నుంచే తడబడాలి కదా?

తడబడదు. 16 రెట్లు అని డబ్బా మీద రాసినది డిస్కు బయటి అంచు దగ్గరి వేగం. ఈ పద్ధతిలో డిస్కు ఒకే చుట్ల వేగంతో తిరుగుతుంది. లోపలి చుట్టు చిన్నది కాబట్టి ఒక్కో తిరుగుడుకు తక్కువ డేటా పడుతుంది, బయటికి పోయే కొద్దీ ఎక్కువ. డేటా ఉండే భాగం కేంద్రం నుంచి సుమారు 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 58 దగ్గర ముగుస్తుంది. ఆ నిష్పత్తి ప్రకారం రాత 6.6 రెట్ల దగ్గర, అంటే సెకనుకు 9 మెగాబైట్ల దగ్గర మొదలవుతుంది. పైపు ఇచ్చేది పదకొండు, హాయిగా సరిపోతుంది. లేజరు 29 మిల్లీమీటర్లు దాటేసరికి వేగం 8 రెట్లకు చేరి, అక్కడి నుంచి కుళాయి పైపును మించుతుంది. వైశాల్యం లెక్కన చూస్తే అప్పటికి నిండు డిస్కులో దాదాపు పదో వంతు డేటానే రాసి ఉంటుంది. మిగతా తొమ్మిది వంతులూ ఆగుతూ, అతుకు వేస్తూ సాగాల్సిందే.

"మొదట బాగానే నడుస్తుంది, కాసేపయ్యాక మొండికేస్తుంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ జ్యామితే. నెట్‌వర్క్ మొదటి నిమిషంలో ఎంత ఇచ్చిందో తర్వాతా అంతే ఇస్తోంది. అడిగేవాడి ఆకలి పెరిగింది.

ఇప్పుడు సమయం. ఆ పైపు మీదుగా 4.3 జీబీ రావడానికి ఆరున్నర నిమిషాలు. డిస్కు అడ్డంకి లేకుండా రాస్తే ఐదు నిమిషాల పైచిలుకు. ముందు కాపీ చేసుకుని తర్వాత రాస్తే మొత్తం పన్నెండు నిమిషాలు. నేరుగా 16 రెట్లకు పెట్టి అతుకులతో రాస్తే ఆరున్నర, ఏడు నిమిషాలు. అతుకులు వద్దని వేగం 4 రెట్లకు తగ్గిస్తే సెకనుకు 5.5 మెగాబైట్లు చాలు, పైపు మీద భారం ఉండదు, కానీ పదమూడు నిమిషాలు పడుతుంది. అంటే నెట్‌వర్క్‌కు భయపడి వేగం తగ్గించడం, కాపీ చేసుకుని పూర్తి వేగంతో రాయడం, రెండూ దాదాపు ఒకే సమయం తింటాయి. ఒక్క డిస్కుకైతే ఇంతే. పెళ్లివారు పది డిస్కులు అడిగితే లెక్క మారిపోతుంది. కాపీ ఒక్కసారే కాబట్టి మొత్తం గంట దాకా. 4 రెట్ల దారిలో రెండు గంటలు దాటుతుంది.

స్విచ్చిని గిగాబిట్‌ది పెడితే ఇదంతా గాలికి పోతుంది. సెకనుకు 110 మెగాబైట్లు దక్కితే కాపీకి పట్టేది 39 సెకన్లు. నేరుగా రాసినా ధార పుష్కలం, 12 రెట్ల బ్లూరే అడిగే 54 మెగాబైట్లు కూడా అందులో సగమే.

## ముందు కాపీ చేసుకోవాలన్న వాదన, అక్కర్లేదన్న వాదన

కాపీ చేసుకోవాలనే పక్షం ముఖ్యంగా అతుకులను చూపిస్తుంది. రైటరు ఎంత నేర్పుగా అతికించినా అది అతుకే. ఆ చోట చదివేటప్పుడు సరిదిద్దాల్సిన లోపాలు కొంచెం ఎక్కువగా ఉండవచ్చు. కొత్త డిస్కులో తెలియకపోయినా, గీతలు పడి, రంగుపొర పాతబడ్డాక ముందు మొరాయించేది అలాంటి చోట్లేనని వారి భయం. పైగా నాస్‌లో ఉన్న ఫైలు రాస్తున్నంతసేపూ మారకుండా ఉంటుందన్న హామీ లేదు. ఎడిటర్ అదే పేరుతో కొత్త ఇమేజి ఎక్కిస్తే, ఫైలు తాళం పడని చోట సగం పాత పెళ్లి, సగం కొత్త పెళ్లి వచ్చే ప్రమాదం ఉంది. స్థానిక కాపీకి ఆ బెడద ఉండదు.

అక్కర్లేదనే పక్షానికీ బలం ఉంది. కాపీలు పెరిగితే ఏది తాజా ఇమేజో తెలియదు. నిన్న కాపీ చేసుకున్నదే ఇవాళ కూడా రాసి ఇచ్చే పొరపాటు, సగం సగం ఇమేజి కంటే ఎక్కువగా జరిగేదే. కౌంటర్ కంప్యూటర్‌లో చిన్న ఎస్ఎస్‌డీ ఉంటే నాలుగైదు ఇమేజిలకే నిండిపోతుంది. ఆడపడుచు పెళ్లి వీడియో ఊళ్లో ఎన్ని కంప్యూటర్లలో మిగిలిపోవాలన్న ప్రశ్న కూడా చిన్నదేం కాదు. ఇక గిగాబిట్ తీగ, నేటి రైటరు ఉన్నచోట అతుకు అవసరమే రాదని వారంటారు. అది కొలిచి చెప్పగలిగే మాట.

నా మటుకు, తీగ గిగాబిట్‌దై ఉంటే ఈ వాదన ఆచారంగా మిగిలిందే తప్ప పెద్ద తేడా చూపదు. వైఫై మీద మాత్రం కాపీ పక్షం వైపే మొగ్గుతాను. కాపీ మధ్యలో వైఫై తడబడితే కాసేపు ఆలస్యం. రాత మధ్యలో తడబడితే అతుకు. పూర్తిగా తెగిపోతే ఏ బర్న్‌ప్రూఫూ కాపాడదు, ఎందుకంటే ట్యాంకు నింపే పైపే లేదు.

## కిటికీలో కనిపించే ఫోల్డరు ప్రోగ్రాముకు ఎందుకు కనిపించదు

మూడో తిరకాసు వేగానిది కాదు, గుర్తింపుది. చాలామందిని ఎక్కువగా విసిగించేది ఇదే.

నాస్ ఫోల్డరుకు విండోస్‌లో రెండు రకాలుగా వెళ్లవచ్చు. ఒకటి పూర్తి చిరునామా: రెండు వాలు గీతలు, సర్వరు పేరు, ఫోల్డరు పేరు. రెండోది ఆ చిరునామాకు 'జడ్' లాంటి డ్రైవు అక్షరం తగిలించుకోవడం. జడ్ డ్రైవు మామూలు డిస్కులాగే కనిపిస్తుంది కాబట్టి అది కంప్యూటర్ మొత్తానికి చెందినదని అనుకుంటాం. కానీ అది ఆ లాగిన్‌కు మాత్రమే చెందిన మారుపేరు.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయినవారికి విండోస్ విస్టా కాలం నుంచి రెండు గుర్తింపు చీటీలు ఇస్తోంది: ఒకటి మామూలు పనులకు, ఒకటి అధికారం కావాల్సిన పనులకు. ఫోల్డర్లు చూసే కిటికీ మామూలు చీటీతో నడుస్తుంది. జడ్ డ్రైవు కూడా ఆ చీటీ మీదే నమోదైంది. రాసే సాఫ్ట్‌వేర్‌ను "అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు" అని తెరిస్తే అది రెండో చీటీతో లేస్తుంది. ఆ చీటీ మీద జడ్ అనేదే లేదు. మనిషి ఒకడే, కంప్యూటర్ ఒకటే, ఫైలు ఎక్కడికీ పోలేదు, అయినా ప్రోగ్రాము ముందు ఖాళీ. పూర్తి చిరునామా ఇస్తే ఆ ప్రోగ్రామే ఫైలును చేరుకోగలదు, మహా అయితే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండు చీటీలకూ డ్రైవు అక్షరాలు ఉమ్మడిగా ఉండేలా చేసే రిజిస్ట్రీ అమరిక ఉందిగానీ, ఆ రెండింటినీ వేరు చేసిన భద్రతా ఉద్దేశాన్ని అది కొంత నీరుగారుస్తుంది.

లినక్స్ వాడేవారు నవ్వుకోనక్కర్లేదు, అక్కడా ఇదే నాటకం వేరే వేషంలో ఉంది. గ్నోమ్ ఫైల్ మేనేజర్‌లో నెట్‌వర్క్ ఫోల్డరు మీద నొక్కితే అది తెరుచుకుంటుంది. వెనక జీవీఎఫ్ఎస్ అనే పొర ఆ వినియోగదారు కోసం మాత్రమే ఒక దారి వేస్తుంది. ఫైల్ మేనేజర్ చూపించే, 'ఎస్ఎంబీ' అని మొదలయ్యే నెట్‌వర్క్ చిరునామా మామూలు ఫైలు దారి కాదు. దాన్ని తీసుకెళ్లి టెర్మినల్‌లో సీడీరికార్డ్‌కు ఇస్తే అలాంటి ఫైలు లేదంటుంది. జీవీఎఫ్ఎస్ వేసిన అసలు దారి ఇచ్చి, సూడోతో, అంటే రూట్ అధికారంతో నడిపితే "అనుమతి లేదు" అంటుంది. యంత్రానికి సర్వాధికారి అయిన రూట్‌కే అనుమతి లేదట! ఆ దారి వేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తలుపు తీయకపోవడం ఆ పొర కట్టుబాటు. షేర్‌ను వ్యవస్థ స్థాయిలో మౌంట్ చేస్తే, అంటే యంత్రం మొత్తానికీ తగిలిస్తే, ఈ అడ్డు ఉండదు.

## విండోస్ 11కు మారగానే పాత నాస్ మూగబోవడం

కొన్నిచోట్ల ఫోల్డరు ఎవరికీ కనిపించకుండా పోతుంది. ఇది కొత్త చిక్కు.

విండోస్ షేర్డ్ ఫోల్డర్ల వెనక ఉన్న భాష పేరు ఎస్ఎంబీ. దాని మొదటి రూపం 1980లలో ఐబీఎంలో పుట్టింది. 2017 మేలో వన్నాక్రై దాడి ప్రపంచమంతటా ఆసుపత్రులను, ఆఫీసులను స్తంభింపజేసినప్పుడు దారి ఇచ్చింది ఆ పాత ఎస్ఎంబీ1 అమలులోని లోపమే. అదే ఏడాది చివరికి వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి కొత్తగా పెట్టే యంత్రాల్లో ఎస్ఎంబీ1ను తీసేయడం మొదలైంది. ఆ భాష తప్ప మరోటి రాని నాస్‌లు అప్పటి నుంచే మూగబోసాగాయి.

రెండో కెరటం 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 కూర్పుతో మొదలైంది. ప్రో, ఎంటర్‌ప్రైజ్ లాంటి రకాల్లో ప్రతి ఎస్ఎంబీ సందేశానికీ సంతకం తప్పనిసరి అయింది. సంతకం అంటే మధ్యలో ఎవరూ బైట్లు మార్చలేదని నిరూపించే గుర్తు. దాన్ని తయారు చేయడానికి కావాల్సిన తాళంచెవి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినప్పుడే పుడుతుంది. ఇళ్లలో, చిన్న దుకాణాల్లో నాస్‌లను ఎక్కువగా "ఎవరైనా తెరవవచ్చు" అని అతిథి ఖాతాతో వదిలేస్తారు. అతిథికి పాస్‌వర్డ్ లేదు, తాళంచెవి లేదు, కాబట్టి సంతకమూ లేదు. విండోస్ తలుపు దగ్గరే ఆపేస్తుంది.

మైక్రోసాఫ్ట్ మనకు చెప్పకుండా మన పెట్టెను పనికిరాకుండా చేసిందని విసుక్కునేవాళ్ల బాధ అర్థమయ్యేదే. ఏడెనిమిదేళ్లు నడిచిన ఏర్పాటు ఒక్క అప్‌డేట్‌తో ఆగిపోయింది. అయితే పాస్‌వర్డ్ లేని ఫోల్డరులో ఎవరు ఏ ఇమేజిని మార్చి పెట్టినా తెలిసే దారి లేదన్నదీ నిజమే. డిస్కు రాయడానికి షేర్‌లో చదివే హక్కు ఒక్కటి చాలు. పేరు, పాస్‌వర్డ్ ఉన్న ఒక ఖాతాకు చదివే హక్కు మాత్రం ఇచ్చిన చోట ఈ గొడవ రెండువైపులా చల్లబడుతోంది. సంతకం చేయడానికి ప్రాసెసర్‌కు కొంత పని పడుతుంది కనుక పాత, బలహీనమైన నాస్‌లో వేగం తగ్గవచ్చు. అప్పుడు పై సెక్షన్‌లోని పదకొండు మెగాబైట్ల లెక్క మళ్లీ తలుపు తడుతుంది.

## యాభై ఎనిమిది లక్షల బైట్లు ఎక్కువైన ఫైలు

చిన్న మెలిక ఒకటి. నాస్ కొనే బదులు రూటరు వెనక పెన్‌డ్రైవు గుచ్చి, దాన్నే షేర్‌గా వాడేవాళ్లు ఉన్నారు. చాలా పెన్‌డ్రైవులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక ఫైలు 429,49,67,295 బైట్లకు మించకూడదు. మన పెళ్లి 430,08,10,240. తేడా 58 లక్షల బైట్ల పైచిలుకు, అంటే ఒక పాటంత. విండోస్ వెయ్యికి బదులు 1,024 చొప్పున లెక్కపెడుతుంది కాబట్టి ఈ ఇమేజి పరిమాణాన్ని '4.00 జీబీ' అనే చూపిస్తుంది, పరిమితినీ అందరూ '4 జీబీ' అనే చెబుతారు. కంటికి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది, కాపీ మాత్రం కాదు. పెన్‌డ్రైవులో సగం పైగా ఖాళీ ఉన్నా "ఫైలు చాలా పెద్దది" అనే జవాబు వస్తే తప్పు ఇక్కడే.

## రాసింది సరిగ్గానే ఉందా: హ్యాష్ సరిపోలకపోతే

ఇమేజి నాస్ నుంచి తీగ మీదుగా మెమరీలోకి, అక్కడి నుంచి రైటరు ట్యాంకులోకి, చివరికి రంగుపొర మీదికి వచ్చింది. ఈ మజిలీల్లో ఏ బైటూ మారలేదని ఎలా తెలుస్తుంది? రాసే సాఫ్ట్‌వేర్‌లో 'వెరిఫై' అనే గడి టిక్కు చేస్తే అది డిస్కును తిరిగి చదివి అసలు ఇమేజితో పోలుస్తుంది. ఇమేజి నాస్‌లోనే ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు పోల్చడానికి మొత్తం ఫైలును మళ్లీ నెట్‌వర్క్ మీదుగా తెప్పిస్తాయి. పది డిస్కులకు నలభై మూడు జీబీ కాస్తా ఎనభై ఆరు అవుతుంది.

రెండో పద్ధతి హ్యాష్. ఫైలులోని బైట్లన్నిటినీ ఒక గణిత సూత్రంలో నలిపి తీసిన చిన్న వేలిముద్ర అది. ఒక్క బిట్టు మారినా వేలిముద్ర మొత్తం మారుతుంది. కోర్టుకు వెళ్లే డిస్కులకు ఇది ఇప్పుడు ఐచ్ఛికం కాదు. ప్రచారంలో వాడిన పాటలు, ప్రసంగాల సీడీల మీద నడిచిన అన్వర్ వర్సెస్ బషీర్ ఎన్నికల కేసులో, చట్టం కోరిన ధ్రువపత్రం లేని ఎలక్ట్రానిక్ కాపీని సాక్ష్యంగా తీసుకోలేమని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అప్పటి సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. దాని కింద ఇచ్చే ధ్రువపత్రంలో రికార్డు హ్యాష్ విలువను రాయాల్సిన గడి ఉంది.

ఇక్కడే మంచి డిస్కు కూడా దొంగలా కనిపించే సందర్భం ఒకటి ఉంది. నాస్‌లోని ఇమేజికి షా-256 అనే సూత్రంతో హ్యాష్ తీశారు. డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టారు నుంచి చివరిదాకా చదివి దానికీ తీశారు. రెండూ సరిపోలలేదు. మార్చారని అనుమానించే ముందు సెక్టార్లు లెక్కపెట్టాలి. డీవీడీ డేటాను 16 సెక్టార్ల కట్టలుగా రాస్తుంది. లోపాలు సరిదిద్దే సంకేతం ఆ కట్ట మొత్తానికి కలిపి ఉంటుంది. మన ఇమేజిలో 21,00,005 సెక్టార్లు. పదహారుతో భాగిస్తే 1,31,250 నిండు కట్టలు పోగా ఐదు సెక్టార్లు మిగులుతాయి. చివరి కట్ట నింపడానికి ఇంకో పదకొండు ఖాళీ సెక్టార్లు కలుస్తాయి. డిస్కు మీద లెక్క 21,00,016 అయింది. అంటే 22,528 సున్నా బైట్లు అదనం. అవి పెళ్లిలో ఒక్క ఫ్రేమును కూడా తాకవు, వేలిముద్రను మాత్రం పూర్తిగా మార్చేస్తాయి.

డిస్కు నుంచి మొదటి 21,00,005 సెక్టార్లు మాత్రమే చదివి హ్యాష్ తీస్తే అది నాస్‌లోని ఇమేజి హ్యాష్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. అలా కూడా సరిపోకపోతే, అప్పుడు తీగను, రైటరును, మనుషులను వరసగా అనుమానించవచ్చు.